పాలతో ఎందుకు వేసుకోకూడదు?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. నేను ఫార్మసీ డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నాను. నాకు మొదటినుంచీ డాక్టర్ అవాలని ఉండేది, సీటు రాలేదు. "ఇదీ మందుల చదువే కదా" అని ఇంట్లో అందరూ నచ్చజెప్పి ఇందులో చేర్పించారు. మొదటి ఏడాది ఎలాగో గట్టెక్కాను. ఈసారి కెమిస్ట్రీ పేపరు పోయింది, ఫార్మకాలజీ అత్తెసరు మార్కులతో బయటపడింది. రోజుకు ఆరేడు గంటలు చదువుతున్నాను. అయినా పరీక్ష హాల్లో కూర్చోగానే మందుల పేర్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. లెక్కలంటే భయపడి బయాలజీ వైపు వచ్చాను, తీరా చూస్తే ఇక్కడా లెక్కలే. ఇవన్నీ ఒక ఎత్తు, "షాపులో కూర్చుని మాత్రలు లెక్కపెట్టి ఇవ్వడానికి ఇన్నేళ్ల చదువెందుకమ్మా" అని మా మామయ్య నలుగురిలో అన్న మాట ఒక ఎత్తు. మానేసి వేరే డిగ్రీలో చేరిపోనా, పళ్ల బిగువున పూర్తి చేయనా?
– రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు:

అమ్మా,

నీ ఉత్తరంలో నాలుగు బాధలున్నాయి. పేర్లు గుర్తుండకపోవడం, లెక్కల భయం, రాని సీటు, మామయ్య మాట. నాలుగింటినీ ఒకే మూటగా కట్టి "మానేయనా" అని అడిగావు. మూట విప్పకుండా దానికి జవాబు చెప్పలేను, కాబట్టి ఆ ప్రశ్నను చివరికి ఉంచుదాం.

ముందు ఆ ఆరేడు గంటల సంగతి. నువ్వు కష్టపడట్లేదని నేను అనను. ఎలా కష్టపడుతున్నావో మాత్రం ఊహించగలను, ఎందుకంటే నేనూ అలాగే చదివాను. కెమిస్ట్రీకి ఒక నోట్సు, మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చెప్పే ఫార్మకాలజీకి ఒక నోట్సు, మందుల తయారీ చెప్పే ఫార్మాస్యూటిక్స్‌కి ఇంకో నోట్సు. దేనికదే బట్టీ. కీలేషన్ నిర్వచనం నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేదాన్ని. టెట్రాసైక్లిన్ ఏ వర్గం యాంటీబయాటిక్, ఏయే జబ్బులకు వాడతారు అన్నదీ అంతే. వైవాలో ఎగ్జామినర్ ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "టెట్రాసైక్లిన్ పాలతో వేసుకోవద్దంటారు. ఎందుకమ్మా?" నేను కాసేపు నీళ్లు నమిలి, "పుస్తకంలో అలా ఉంది సార్" అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "రేపు పేషెంట్ అడిగితే ఏ పేజీ చూపిస్తావు?" అన్నారు.

జవాబుకు కావాల్సిన రెండు ముక్కలూ నా బుర్రలోనే ఉన్నాయి. పాలలో కాల్షియం ఉంది. టెట్రాసైక్లిన్ అణువులో పక్కపక్కనే ఉన్న ఆక్సిజన్లు ఆ కాల్షియాన్ని, పీత తన రెండు గోళ్లతో పట్టుకున్నట్టు, పట్టేసుకుంటాయి. కీలేషన్ అంటే అదే. అలా జతకట్టిన మందు పేగు గోడ దాటి రక్తంలోకి సరిగ్గా వెళ్లలేదు. అంతే విషయం. కెమిస్ట్రీ నోట్సులో ఉన్న మాటకూ ఫార్మకాలజీ నోట్సులో ఉన్న మాటకూ నా తలలో ఒకసారి కూడా పరిచయం జరగలేదు.

ఆ పరిచయం జరిగాక ఎంత లాభమో చూడు. పాలకు బదులు ఐరన్ మాత్ర అయితే? అదే కథ. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్ అయితే? అదే కథ. చిన్నపిల్లలకు, గర్భిణులకు టెట్రాసైక్లిన్ ఎందుకు ఇవ్వరు? తయారవుతున్న పళ్లలో, ఎముకల్లో ఉన్న కాల్షియాన్ని కూడా అది వదలదు, పళ్లకు మచ్చలు శాశ్వతంగా ఉండిపోతాయి. సిప్రోఫ్లాక్ససిన్‌ది వేరే వర్గం, కానీ దానికీ ఈ పట్టుకునే గుణం ఉంది కాబట్టి అదే జాగ్రత్త. ఇవన్నీ విడివిడి వాక్యాలుగా బట్టీ పడితే పరీక్ష హాల్లో రెండు జారిపోతాయి. ఒక్క కారణంగా పట్టుకుంటే జారడానికి ఉన్నది ఒక్కటే, అది జారదు.

కాబట్టి నీ సమస్య జ్ఞాపకశక్తి కాదు. నీకు ఐదారు సబ్జెక్టులు చెబుతున్నారని నువ్వు అనుకుంటున్నావు. నిజానికి చెప్పేది ఒకటే: ఒక పదార్థం బయటినుంచి మనిషి ఒంట్లోకి వెళ్లి, తన పని చేసి, బయటికి పోయేదాకా దానికి ఏమేం జరుగుతుంది అన్నది. టైమ్‌టేబుల్ వేయాలి కాబట్టి దాన్ని ముక్కలు చేశారు. ముక్కలు కలిపి కుట్టే పని మాత్రం ఏ లెక్చరరూ నీ తరఫున చేయరు, చేయలేరు కూడా.

ఎలా కుట్టాలో ఆస్పిరిన్‌తో చూపిస్తాను, ఎందుకంటే ఇంత చిన్న అణువు ఇన్ని పాఠాలు చెప్పడం అరుదు. పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే ఒక్కోసారి వెనిగర్ వాసన వస్తుంది. ఆస్పిరిన్ అంటే శాలిసిలిక్ ఆమ్లానికి ఎసిటైల్ గుంపు తగిలించినది. ఆ అతుకు ఒక ఎస్టర్ బంధం. గాల్లో తేమ తగిలితే అది విడిపోయి ఎసిటిక్ ఆమ్లం బయటికొస్తుంది, వెనిగర్‌లో ఉండేది అదే. అందుకే తేమ తగలని చోట పెట్టమంటాం. ఇది నీ స్టెబిలిటీ పాఠం. ఇప్పుడు అదే మాత్ర మింగావనుకో. అదే ఎసిటైల్ గుంపు ఈసారి వెళ్లి, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్‌లోని సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్‌కి అతుక్కుంటుంది. అతుక్కుంటే ఇక ఊడదు. ఇది నీ మెడిసినల్ కెమిస్ట్రీ. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు, కొత్త ఎంజైమ్ తయారుచేసుకోలేదు. అది బతికే ఎనిమిది పది రోజులూ ఆ దెబ్బ అలాగే ఉండిపోతుంది. ఇది నీ ఫిజియాలజీ. ఇక మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుందో లెక్కగట్టే ఫార్మకోకైనెటిక్స్ పరీక్షలో చాలామంది తడబడే ప్రశ్న: ఆస్పిరిన్ రక్తంలో సగమైపోవడానికి పట్టేది సుమారు 15, 20 నిమిషాలు. మరి గుండెజబ్బు ఉన్నవాళ్లకు 75 మి.గ్రా. రోజుకు ఒక్కసారి ఇస్తే ఎలా సరిపోతుంది? మందు పోయింది, అది చేసిన పని మిగిలింది కాబట్టి. ఆపరేషన్‌కి ముందు ఆస్పిరిన్ ఆపాలని డాక్టర్ నిర్ణయిస్తే, ముందు రాత్రి కాకుండా కొన్ని రోజుల ముందే ఎందుకు ఆపుతారో కూడా నీకు తెలిసిపోయింది, నేను చెప్పక్కర్లేదు.

నొప్పి మాత్ర ఇబుప్రొఫెన్ కూడా అదే ఎంజైమ్ మీద కూర్చుంటుంది, కానీ కాసేపే, తర్వాత లేచిపోతుంది. అది ముందే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటే ఆస్పిరిన్‌కి చోటు దొరకదు. వచ్చిన ఆస్పిరిన్ కొద్దిసేపట్లోనే కరిగిపోతుంది, పని జరగదు. గుండెకోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునే పెద్దమనిషి మోకాళ్ల నొప్పికి తనంతట తానే ఇబుప్రొఫెన్ కొనడానికి వస్తే నువ్వు ఒక క్షణం ఆగి రెండు ప్రశ్నలు అడగాలి అంటే, అందుకు.

ఇలా ఒక మందుకి ఒక కాగితం. పుస్తకం మూసి రాయాలి, తెరిచి ఎక్కించడం కాదు. పని చేసే ముక్క అణువులో ఎక్కడుంది, ఒంట్లోకి ఎలా వెళ్తుంది, దాన్ని ఎవరు విరగ్గొట్టి బయటికి పంపుతారు – కాలేయమా, మూత్రపిండమా, ఎంతసేపు ఉంటుంది, ఎవరికి ప్రమాదం. రాయలేకపోయిన చోట ఖాళీ వదిలేయి. అప్పుడు పుస్తకం తెరిచి ఆ ఖాళీ మటుకే చదువు. మర్నాడు మళ్లీ ఖాళీ కాగితం, వారం తర్వాత మళ్లీ. చదివిందే పదిసార్లు చదవడం కంటే, గుర్తు తెచ్చుకోవడానికి రెండుసార్లు పెనుగులాడటం ఎక్కువ పనిచేస్తుంది. హైలైటర్ పెన్నులు తమ్ముళ్లకో చెల్లెళ్లకో ఇచ్చేయి. పేజీ అంతా పసుపు పూసినంత మాత్రాన పాఠం ఒంటబట్టదు.

పేర్ల గురించి ఒక చిన్న ఉపాయం, నీకు మొదటి ఏడాదిలోనే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. మందుల జెనరిక్ పేర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు పెట్టినవి కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1950లో మొదలుపెట్టిన పద్ధతి ఒకటుంది, 1953 నుంచి అమల్లో ఉంది. ఆ పద్ధతిలో ఒక కుటుంబం మందులకు ఒకే తోక ఉంటుంది. 'ఓలోల్' అని ముగిస్తే గుండె వేగాన్ని, బీపీని తగ్గించే బీటా బ్లాకర్. 'ప్రిల్' అంటే బీపీ తగ్గించే ఏస్ ఇన్హిబిటర్, 'సార్టాన్' అంటే బీపీని పెంచే యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునేది, 'వాస్టాటిన్' అంటే కొలెస్ట్రాల్ తగ్గించేది. ముందు కుటుంబాన్ని చదువు, పొడి దగ్గు ప్రిల్ వాళ్లందరి ఇంటి లక్షణం అని ఒకసారి తెలుసుకో. తర్వాత ఒక్కొక్కళ్లలో తేడా ఏమిటో చూడు. పది పేర్లకు పది జాబితాలు అక్కర్లేదు.

తోకను కూడా గుడ్డిగా నమ్మకు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లం తగ్గిస్తాయి. అరిపిప్రజోల్ కూడా వినడానికి వాటి తమ్ముడిలాగే ఉంటుంది, కానీ అది మానసిక వ్యాధులకు ఇచ్చే మందు. దాని తోక 'ప్రజోల్' కాదు, 'పిప్రజోల్'. హైడ్రాలజీన్ బీపీ తగ్గిస్తుంది, హైడ్రాక్సిజీన్ దురదకు వాడే యాంటీహిస్టమిన్. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా రద్దీ వేళ ఈ జంటను తారుమారు చేసిన సందర్భాలున్నాయి. అందుకే చాలా ఆసుపత్రుల్లో ఇలాంటి పేర్లలో తేడా ఉన్న అక్షరాలను పెద్దవిగా అచ్చువేస్తారు. పేర్లు కలిసిపోవడం నీ ఒక్కదాని జబ్బు కాదని చెప్పడానికే ఇదంతా. ఇప్పుడే అవి నీకు కలిసిపోతున్నాయి కాబట్టి, ఏవి కలిసిపోతాయో నీకు తెలుస్తోంది. ఆ జంటల్ని ఒక పుస్తకంలో రాసిపెట్టుకో. ఉద్యోగంలో చేరాక మార్కుల జాబితా కంటే ఆ పుస్తకమే ఎక్కువ అక్కరకొస్తుంది.

కెమిస్ట్రీ పేపరు పోయిందన్నావు. మొత్తం సిలబస్ మళ్లీ మొదటిపేజీ నుంచి మొదలుపెట్టకు. జవాబు పత్రం చూపించమని అడుగు, ఎక్కడ మార్కులు పోయాయో చూడు. నా అనుభవంలో ఎక్కువమందికి పోయేది రసాయన చర్య ఎలా జరుగుతుందో బాణాలతో చూపే మెకానిజంల దగ్గర, ఎందుకంటే ఆ బాణాలను బొమ్మలుగా బట్టీ పడతారు. స్ట్రక్చర్ కనిపించగానే 'ఇందులో తెగే చోటు ఏది' అని అడుగు. పెనిసిలిన్‌లో నాలుగు పరమాణువుల చిన్న వలయం ఒకటుంది, వంచి కట్టిన వెదురుబద్దలా ఎప్పుడు తెరుచుకుందామా అని చూస్తుంటుంది. బ్యాక్టీరియా ఎంజైమ్ దగ్గర తెరుచుకుంటే అది మందు. నీళ్లలో తెరుచుకుంటే వృథా. పిల్లల అమాక్సిసిలిన్ సస్పెన్షన్ పొడిగానే ఎందుకు వస్తుంది, ఇచ్చేటప్పుడే ఎందుకు నీళ్లు కలపాలి, కలిపాక ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో (సీసా మీద ఎంత ఉంటే అంత) మిగిలింది ఎందుకు పారబోయాలి – మూడింటికీ జవాబు ఆ వలయమే. తల్లి "ఇంకా సగం ఉంది, వచ్చే నెల జ్వరానికి దాచనా?" అని అడిగితే నువ్వు చెప్పబోయేది కెమిస్ట్రీయే.

ఇక లెక్కలు. ఇక్కడ నిన్ను ఓదార్చను. ఈ చదువులో కొన్ని పాఠాలు మర్చిపోయినా బండి నడుస్తుంది, లెక్క తప్పితే నడవదు. కాకపోతే నువ్వు భయపడే లెక్కలు ఇవి కావు. గుణకారం, భాగహారం, శాతం, నిష్పత్తి వస్తే ముప్పావు వంతు పని అయిపోతుంది. కష్టం లెక్కలో కాదు, యూనిట్లలో ఉంది.

16 కిలోల పిల్లాడు. పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా. అంటే 240 మి.గ్రా. చేతిలో ఉన్న సిరప్ 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉన్నదైతే 10 మి.లీ. ఇవ్వాలి. అదే సిరప్‌లో 5 మి.లీ.కి 250 మి.గ్రా. ఉండే రకం కూడా దొరుకుతుంది. అప్పుడు 4.8 మి.లీ. చాలు. సీసా మారింది గమనించకుండా అలవాటు ప్రకారం "రెండు చెంచాలు" అన్నావంటే పిల్లాడికి 500 మి.గ్రా. వెళ్తుంది, రెట్టింపుకు పైనే. నీ గుణకారం ఎక్కడా తప్పలేదు చూశావా? తప్పింది సీసా మీద చీటీ చదవడం.

నేను పనిలో చేరిన కొత్తలో ఒక పసిబిడ్డ డోసు లెక్కగట్టి దశాంశ బిందువు ఒక స్థానం పక్కకు వేశాను. కాగితం మీద అంతా చక్కగా ఉంది, రెండుసార్లు సరిచూసుకున్నాను కూడా – అదే తప్పును రెండుసార్లు. పక్కన ఉన్న సీనియర్ కాగితం వైపు చూడలేదు, నేను తీసిన సిరంజి వైపు చూసింది. "ఇంత మందు ఆ బిడ్డ నోట్లో పడుతుందా?" అంది. ఆ రోజు నుంచి లెక్క వేసే ముందే జవాబు సుమారుగా ఎంత ఉండాలో ఊహించి ఒక మూల రాసుకుంటాను. ఆఖరి జవాబు దానికి దగ్గరగా లేకపోతే ముందుకు పోను. నువ్వూ ఇప్పటినుంచే అలవాటు చేసుకో. అర మిల్లీగ్రాము అంటే 0.5 అని రాయి, ముందు సున్నా వదలొద్దు. ఐదు అంటే 5 అని రాయి, 5.0 అని వద్దు, చుక్క చెరిగిపోతే యాభై అవుతుంది. మైక్రోగ్రాముకూ మిల్లీగ్రాముకూ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది, కాబట్టి మైక్రోగ్రాము అని పూర్తిగా రాయి. అడ్రినలిన్ 1:1000 అంటే మి.లీ.కి 1 మి.గ్రా., 1:10,000 అంటే 0.1 మి.గ్రా. ఇలాంటి పది లెక్కలు రోజూ నిద్రకు ముందు చేస్తే మూడు నెలల్లో భయం దానంతటదే పోతుంది. భయం పోయినా జాగ్రత్త మాత్రం పోనివ్వకు.

హాఫ్ లైఫ్, అంటే రక్తంలో మందు సగమవడానికి పట్టే సమయం, అన్నా కూడా హడలిపోతావనుకుంటా. సూత్రాన్ని కాసేపు పక్కన పెట్టు. మందు క్రమం తప్పకుండా వేసుకుంటూ ఉంటే, ఒక్కో హాఫ్ లైఫ్ గడిచేకొద్దీ రక్తంలో చేరాల్సిన మట్టంలో 50, 75, 87.5, 94, 97 శాతం దాకా చేరుతుంది. అంటే నాలుగైదు హాఫ్ లైఫ్‌లకు నిలకడకు వస్తుంది. మూత్రపిండాలు బాగున్న మనిషిలో, గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్ హాఫ్ లైఫ్ ఒకటిన్నర రెండు రోజులు. కాబట్టి వారం పడుతుంది. రెండో రోజే వచ్చి "ఈ మాత్ర పనిచేయట్లేదు, ఇంకోటి కలిపి వేసుకోనా" అనే మనిషికి నువ్వేం చెప్పాలో ఆ ఐదు అంకెల్లోనే ఉంది.

మీ మామయ్య మాటకి వద్దాం. ఆయన చూసింది కౌంటర్ ఇవతలి నుంచి, అక్కడినుంచి కనిపించేది లెక్కపెట్టడమే. మాత్రలు లెక్కపెట్టడానికి యంత్రాలున్నాయి. ఫార్మసిస్టు అసలు పని మందు ఇచ్చేటప్పుడు కనిపించదు. ఇవ్వకుండా ఆపినప్పుడు కనిపిస్తుంది, అది కూడా ఎవరైనా గమనిస్తే. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి ఇస్తారు. చీటీలో పొరపాటున 'రోజూ' అని పడితే, రోజూ వేసుకుంటే, ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం పోవచ్చు. అలా పోయిన ప్రాణాలున్నాయి. రాసిన డాక్టరు వెళ్లిపోయారు, పేషెంటుకు తెలియదు, ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఫోన్ చేయాల్సింది నువ్వు. ఆ ఫోన్ చేశాక ఎవరూ వచ్చి సన్మానం చేయరు, ఎందుకంటే ఏమీ జరగలేదు కదా!

ఈ కాపలా ఇవాళ్టిది కాదు. 13వ శతాబ్దంలోనే రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి సిసిలీ రాజ్యంలో వైద్యం చేసేవాళ్లూ మందు తయారుచేసేవాళ్లూ వేరుగా ఉండాలని, వాళ్లకు వ్యాపారంలో పొత్తు ఉండకూడదని చట్టం చేశాడు. ఒకరి పని మీద ఇంకొకరి కన్ను ఉండాలన్నది దాని సారం.

ఆ కన్ను లేకపోతే ఏమవుతుందో 1937లో అమెరికా చూసింది. సల్ఫనిలమైడ్ అప్పటికే మాత్రగా, పొడిగా ఇన్ఫెక్షన్లకు బాగా పనిచేస్తున్న మందు. తాగడానికి వీలుగా ద్రవరూపం చేద్దామని ఒక కంపెనీ దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించింది. రుచి చూశారు, రంగు చూశారు, వాసన చూశారు, విషమేమో మాత్రం చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో చాలామంది పిల్లలు. మందు మంచిదే, కరిగించిన ద్రవం చంపింది. మరుసటి ఏడాది, 1938లో, అమ్మేముందు మందు సురక్షితమని చూపించాలన్న చట్టం అక్కడ వచ్చింది. ఫార్మాస్యూటిక్స్ క్లాసులో కునుకు పట్టినప్పుడల్లా ఇది గుర్తు చేసుకో. ఇంకోటి: 1960ల చివర్లో ఆస్ట్రేలియాలో ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ క్యాప్సూల్‌లో నింపుడు పదార్థాన్ని కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కి మార్చారు. మందు డోసు అంతే ఉంది. కానీ ఒంట్లోకి ఎక్కువ చేరి మనుషులకు విషలక్షణాలు వచ్చాయి. 'ఏ పనీ చేయని పొడి' అని మనం అనుకునేది కూడా పనిచేస్తుంది.

1937 ఘటన తర్వాత ఆ విషం ఏమిటో తేల్చే పనిలో చికాగో విశ్వవిద్యాలయం ల్యాబులో ఫార్మకాలజీ చదువుకుంటున్న ఒక అమ్మాయి కూడా ఉంది, ఫ్రాన్సెస్ కెల్సీ. 1960లో ఆమె అమెరికా మందుల నియంత్రణ సంస్థలో కొత్తగా చేరింది. నిద్రకు, గర్భిణుల వికారానికి వాడే థాలిడమైడ్‌కి అనుమతి కావాలని ఆమె బల్లమీదికి ఫైలు వచ్చింది. అప్పటికే చాలా దేశాల్లో అమ్ముడవుతున్న మందు అది. కంపెనీ ఎంత తొందరపెట్టినా, ఇచ్చిన రుజువులు చాలవు, ఇంకా కావాలి అని ఆమె మళ్లీ మళ్లీ తిప్పి పంపింది. 1961 చివరికి ఆ మందు గర్భంలోని బిడ్డల కాళ్లూ చేతులూ సరిగా పెరగనివ్వకుండా చేస్తోందని బయటపడింది. ప్రపంచం మొత్తం మీద పదివేలకు పైగా పిల్లలు దెబ్బతిన్నారు. అమెరికాలో మటుకు అప్పట్లో అది అమ్మకానికి రాలేదు. చదువుకునే రోజుల్లో ల్యాబులో చూసింది ఇరవై మూడేళ్ల తర్వాత అక్కరకొచ్చిందని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఇదంతా మీ మామయ్యకు చెప్పి గెలవమని కాదు. ఆ మాట నిన్ను గుచ్చుకుంది, కాబట్టి ఈ సంగతి తెలియాల్సింది నీకు.

ఇప్పుడు డాక్టర్ సీటు. అందరూ నీకు "ఇదీ అదీ ఒకటే" అని చెప్పారు. ఒకటి కాదు, అలా అని నిన్ను మభ్యపెట్టడం వల్లే సగం బాధ వచ్చింది. మనిషిని పరీక్షించి జబ్బు కనిపెట్టడం, ఆపరేషన్ చేయడం – నీకు కావాల్సింది సరిగ్గా అదే అయితే ఫార్మసీ దాన్ని ఇవ్వదు, ఎన్నేళ్లు చదివినా ఇవ్వదు. కానీ ఆ కోరికలో ఏది నీది, ఏది చుట్టూ ఉన్నవాళ్లదో ఒకసారి వేరుచేసి చూడు. మందు మనిషి మీద ఎలా పనిచేస్తుందన్నది నీకు ఆసక్తి అయితే, దాని నడిబొడ్డునే ఉన్నావు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ చదివింది ఫార్మసీయే, 1955లో బీజింగ్‌లో పూర్తి చేసింది. మలేరియాకు పాతకాలం చైనా వైద్యగ్రంథంలో చెప్పిన మొక్కను అందరూ మరిగించి చూస్తున్నారు, సరిగ్గా పనిచేయడం లేదు. ఆ గ్రంథంలో మరిగించమని లేదని, నానబెట్టి పిండమని ఉందని ఆమె గమనించింది. వేడికి మందు చెడుతోందేమోనని తక్కువ వేడిలోనే ఆవిరయ్యే ఈథర్‌తో సారం తీసింది. ఆర్టెమిసినిన్ అలా చేతికొచ్చింది, 2015లో వైద్యశాస్త్ర నోబెల్ కూడా వచ్చింది. మొక్కల నుంచి వచ్చే మందుల గురించి చెప్పే ఫార్మకోగ్నసీ ల్యాబులో నువ్వు విసుక్కుంటూ చేసే ఎక్స్‌ట్రాక్షన్ అదే.

అందరికీ నోబెల్ రాదు, నాకూ రాలేదు. ఆసుపత్రి, కమ్యూనిటీ ఫార్మసీ, తయారీ, నాణ్యత పరీక్షలు, దుష్ప్రభావాల నిఘా, అనుమతుల పత్రాలు, పరిశోధన, పాఠాలు – ఇన్ని దారులున్నాయి, ఒక్కోదానికి ఒక్కో రకం మనిషి కావాలి. వాటిలో ఏదీ కళ్లారా చూడకుండా రెండో ఏడాదిలో వద్దనుకోవడం తొందరే.

మానేయాలా వద్దా? నా మాట ఇది. ఒక్క సెమిస్టర్ ఈ పద్ధతిలో చదువు, వారానికి మూడు మందులు, మూడు కాగితాలు. సెలవుల్లో ఒక వారం ఆసుపత్రి ఫార్మసీలో అనుమతి అడిగి పక్కన నిలబడి చూడు, ఫోన్లు ఎందుకు చేస్తున్నారో విను. ఆ తర్వాత కూడా నీకు ఏ ప్రశ్నా పుట్టకపోతే, కాగితం ముందు కూర్చోవడమే శిక్షలా ఉంటే, నిరభ్యంతరంగా మానేయి. రెండేళ్లు పోయాయి కదా అని మిగతా రెండేళ్లు కూడా పోగొట్టుకోకు. ఒక పేపరు పోయిందని మాత్రం మానకు, మీ మామయ్య అన్నాడని అసలే మానకు. ఈలోగా నిద్ర, తిండి సరిగ్గా చూసుకో. రాత్రంతా మేలుకుని చదివితే చదివింది తలకెక్కదు. బెంగ మరీ ఎక్కువై ఏ పనీ చేయబుద్ధి కాకపోతే కాలేజీలో కౌన్సెలర్‌తోనో డాక్టర్‌తోనో మాట్లాడు, అది చదువుతో తీరే సంగతి కాదు.

మొదటి కాగితానికి మందు నేనే ఇస్తున్నాను. ఒమెప్రజోల్ రక్తంలో సగమవడానికి పట్టేది సుమారు ఒక గంట. అయినా సాధారణంగా రోజుకు ఒక్కసారే వేసుకుంటారు, అదీ తినడానికి ముందు, అదీ నమలకుండా, పొడి చేయకుండా. ఎందుకు ఒక్కసారి, ఎందుకు ముందు, ఎందుకు నమలకూడదు? సగం జవాబు పైన ఆస్పిరిన్ కథలో ఉంది. మిగతా సగం రాసి పంపు.